మీ ఊరి గ్రంథాలయంలో సినిమా ముచ్చట: సిఫారసు చీటీ నుంచి తెర కట్టే దాకా

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో గ్రంథాలయానికి ఒకసారి పొద్దున్నే వెళ్లి చూడండి. తలుపులు తీసే వేళకే బ్యాగులు, నీళ్ల సీసాలు, టిఫిన్ బాక్సులతో పిల్లలు గేటు ముందు నిలబడి ఉంటారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, రైల్వే, ఏదో ఒక పరీక్ష. నోటిఫికేషన్ పడిందంటే కుర్చీ దొరకడమే కష్టం. వాళ్లు కాక పేపరు చదవడానికి వచ్చే పెద్దమనుషులు కొందరు. అంతే. ఇంటి దగ్గర ఉండే అమ్మలు, బడి పిల్లలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, రిటైరై టీవీ ముందు కూర్చున్నవాళ్లు లోపలికి అడుగు పెట్టరు. లోపల తమకూ పని ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇల్లూ పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతోంది. గ్రంథాలయం నడుస్తున్నది వాళ్ల సొమ్ముతోనే. వాళ్లను లోపలికి పిలవడానికి సినిమాను మించిన దారి నాకు కనిపించలేదు. పుస్తకం గురించి అడిగితే "మాకేం తెలుస్తది" అని తప్పుకునే మనిషి, సినిమా గురించి అడిగితే అరగంట చెబుతాడు. ఆ అరగంటను గ్రంథాలయంలోకి తేవడమే మన పని.

ఇది కొత్త పోకడేమీ కాదు. హనుమకొండలో 1904లోనే శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టారు. ఆ కాలంలో గ్రంథాలయమంటే పుస్తకాల గది మాత్రమే కాదు. సభలు, ఉపన్యాసాలు, వాదోపవాదాలు జరిగే చోటు. అప్పుడు పద్యం, పత్రిక చేసిన పనిని ఇప్పుడు సినిమా చేయగలదు.

లైబ్రేరియన్లనూ, వాళ్లకు తోడుగా నిలబడాలనుకునే పాఠకులనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. చాలాచోట్ల ఇలాంటి ఆలోచన రాగానే ముందు ప్రొజెక్టర్ కోసం పరుగెత్తుతారు. దయచేసి ఆ పని చివరికి పెట్టుకోండి. ముందు చీటీ, తర్వాత ముచ్చట, ఆ తర్వాతే తెర. మొదటి రెండింటికీ ఖర్చు దాదాపు లేదు, ఎవరి అనుమతి కోసమూ నెలలు ఆగనక్కర్లేదు. తెర కట్టకపోయినా మొదటి రెండూ నడిస్తే చాలు, మీ గ్రంథాలయంలో మార్పు కనిపిస్తుంది.

మొదటి అడుగు: ఎవరికి ఇబ్బంది కలుగుతుందో చూసుకోండి

ఒక వారం పాటు ఏ గంటకు ఎవరు వస్తున్నారో గమనించండి. చాలా శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. మీ దగ్గర ఏ రోజో, ఉదయం సాయంత్రం పనివేళలు ఏమిటో రాసుకోండి. పరీక్షలకు చదివే పిల్లలు ఏ హాల్లో కూర్చుంటారు, అక్కడికి మాటలు ఎంతవరకు వినిపిస్తాయి, వేరే గది గానీ, మేడ మీద వరండా గానీ, వెనక ఖాళీ జాగా గానీ ఉందా అన్నది చూడాలి.

ఇందులో రాజీ పడొద్దు. ఆ పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటూ, గదిలో ఫ్యాను కూడా సరిగ్గా లేక ఇక్కడికి వస్తారు. వాళ్లకు పరీక్ష టెన్షన్ ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పక్క గదిలో మనం చప్పట్లు కొడుతుంటే వాళ్ల కడుపు మండుతుంది, అది న్యాయమే. అందుకే కార్యక్రమం పెట్టే ముందు వాళ్లతోనే మాట్లాడండి. ఏ పూట అయితే ఇబ్బంది లేదో వాళ్లనే అడగండి. పెద్ద పరీక్షకు ముందు రెండు మూడు వారాలు ఏ కార్యక్రమమూ వద్దు. ఇలా అడిగితే వాళ్లే కుర్చీలు సర్దడానికి వస్తారు. గంటల తరబడి చదివి అలసిన పిల్లలకు నెలకొకసారి మనసు విప్పి మాట్లాడుకునే చోటు అవసరం కూడా.

తర్వాత అనుమతి. శాఖా గ్రంథాలయమైనా, జిల్లా కేంద్ర గ్రంథాలయమైనా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక దరఖాస్తు ఇవ్వాలి. ఏం చేస్తారు, ఎప్పుడు, ఎంతమంది వస్తారు, ప్రవేశం ఉచితమా, శుభ్రం చేసే బాధ్యత ఎవరిది, ఈ ఐదూ ఒక పేజీలో రాయండి. పార్టీ సభ కాదని, అమ్మకాలు ఉండవని స్పష్టంగా రాస్తే అధికారులకు సంతకం పెట్టడం తేలిక. నోటిమాట అనుమతితో మొదలుపెట్టకండి. అధికారి బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

రెండో అడుగు: సిఫారసు చీటీ

పేపర్ల బల్ల పక్కన గోడకు ఒక బోర్డు. దానికి పోస్టుకార్డు సైజు అట్టముక్కలు. ఒక్కో చీటీ మీద ఒక్కో సినిమా. ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదెందుకని అడుగుతారు. వాట్సాప్‌లో పడిన మాట సాయంత్రానికి కిందికి పోతుంది. గోడ మీది చేతిరాత పేపరు చదివే ప్రతి మనిషి కంటా పడుతుంది.

చీటీలో ఏముండాలన్నది ముఖ్యం. "సూపర్ సినిమా, తప్పక చూడండి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కథ మొత్తం రాస్తే చూసే పని ఉండదు. నేను సూచించే పద్ధతిలో ఒక చీటీ ఇలా ఉంటుంది:

"బలగం, 2023. దర్శకుడు వేణు యెల్దండి. ఇంట్లో పెద్దాయన చనిపోయాక పదకొండు రోజుల్లో ఏం జరిగిందన్నదే కథ. అన్నదమ్ములతో మాటలు లేనివాళ్లు చూడాలి. ఇంటిల్లిపాదీ చూడొచ్చు, చివర్లో ఏడుపు ఆగదు. చూశాక ఈ అర తెరవండి: తెలంగాణ జానపద కళలు, రెండో బీరువా, పై వరుస. రాసినవారు: ఒక పాఠకురాలు, కుమార్‌పల్లి."

ఐదే అంశాలు: పేరు, ఏడాది; రెండు ముక్కల్లో విషయం; ఎవరు చూడాలి; ఎవరితో కలిసి చూడొచ్చు; చూశాక ఏ పుస్తకం దగ్గరికి వెళ్లాలి. చివరిది వదిలేస్తే ఆ చీటీని ఏ పాన్ డబ్బా గోడకైనా అంటించుకోవచ్చు. దాన్ని గ్రంథాలయం చీటీ చేసేది ఆ బీరువా నంబరే. "ప్రతి పాఠకుడికీ తన పుస్తకం" అన్న గ్రంథాలయ శాస్త్ర నిపుణుడు ఎస్.ఆర్. రంగనాథన్ సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. పాఠకుడు ఏ సినిమాకు కదిలిపోయాడో తెలిస్తే, అతనికి ఏ పుస్తకం ఇవ్వాలో సగం తెలిసినట్టే.

వయసు గురించి కూడా రాయండి. కొత్త నిబంధనల ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్లలో యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సినవి) ఇప్పుడు యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడు రకాలుగా వస్తోంది. పిల్లలు చూసే బోర్డులో అది తెలియాలి. పాత సినిమాలకు ఈ విభజన ఉండదు కాబట్టి చూసినవాళ్లే ఒక మాట చేర్చాలి.

మొదటి పది చీటీలు లైబ్రేరియన్, ఇద్దరు ముగ్గురు పాఠకులు కలిసి రాసి పెట్టండి. ఖాళీ బోర్డు మీద ఎవరూ రాయరు. ఆ తర్వాత పక్కన ఖాళీ చీటీలు, దారానికి కట్టిన పెన్ను. నెలకొకసారి పాతవి తీసి ఫైల్లో పెట్టండి, పారేయకండి. ఏడాది తిరిగేసరికి అది మీ ఊరి అభిరుచికి సాక్ష్యంగా నిలుస్తుంది.

మూడో అడుగు: జాబితా మన నేల నుంచి మొదలవ్వాలి

ప్రపంచ ఉత్తమ చిత్రాల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. వరంగల్ గ్రంథాలయం ఇవ్వగలిగింది వరంగల్ కళ్లతో చూసిన జాబితా. సినిమా ఎంచుకునేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీని పక్కన పెట్టడానికి మన బీరువాలో పుస్తకం, మన ఊళ్లో మనిషి, మన దగ్గర్లో చోటు, ఈ మూడింటిలో కనీసం రెండైనా ఉన్నాయా?

మా భూమి తీసుకోండి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ఈ సినిమా 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల దీనికి ఆధారం. ఇది చెప్పే తెలంగాణ సాయుధ పోరాటం గురించి మన గ్రంథాలయాల్లో ఉన్నన్ని జ్ఞాపకాల పుస్తకాలు మరో విషయం మీద ఉండవేమో. ఆ పోరాటంలో దొడ్డి కొమురయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడవెండి జనగామ జిల్లాలోనే ఉంది. తాత ముత్తాతల నోట విన్న సంగతులు చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. పుస్తకం, మనిషి, చోటు మూడూ కుదిరాయి.

నర్సింగరావే దర్శకత్వం వహించిన దాసి 1988 నాటిది. దొర గడీలో దాసీగా బతికిన స్త్రీ కథ. అర్చనకు ఉత్తమ నటి, కళా దర్శకత్వానికి తోట వైకుంఠంకు అవార్డు, ఇలా మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. నెమ్మదిగా నడుస్తుంది. పాటలు, ఫైట్లు ఉండవని చీటీలోనే చెప్పాలి. ఇది పిల్లలతో కలిసి చూసే సినిమా కాదు. కానీ పెద్దవాళ్ల ముచ్చటకు దీనికి మించింది దొరకదు.

రుద్రమదేవి (2015)ని బడి పిల్లలకు సిఫారసు చేయండి, అయితే ఒక పనితో కలిపి. సినిమా చూశాక కాకతీయుల చరిత్ర పుస్తకం తీసి, "సినిమాలో ఉన్నది, చరిత్రలో ఉన్నది" అని రెండు నిలువు వరుసల కాగితం నింపమనండి. రుద్రమ మరణాన్ని పేర్కొనే 1289 నాటి చందుపట్ల శాసనం గురించి పుస్తకంలో చదివాక, సినిమా ఎక్కడ ఆగిందో వాళ్లకే కనిపిస్తుంది. మరుసటి ఆదివారం ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికి తీసుకెళ్తే పాఠం పూర్తవుతుంది.

మల్లేశం (2019) నేత కుటుంబాలున్న ప్రాంతాలకు సరిపోతుంది. అమ్మ చేతులు నొప్పెడుతున్నాయని ఆసు (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని) యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితం అది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేసేవాళ్ల పిల్లలు ఇంజినీరింగ్ చదువుతుంటే, వాళ్లకూ వాళ్ల అమ్మానాన్నలకూ కలిపి చూపించాల్సిన సినిమా.

పాతవాటిలో భక్త పోతనను మరిచిపోవద్దు. 1940ల్లో కె.వి. రెడ్డి తీయగా చిత్తూరు నాగయ్య నటించారు. పోతన ఊరుగా మనం చెప్పుకునే బమ్మెర పాలకుర్తి మండలంలో ఉంది. భాగవతం పద్యాలు నోటికి వచ్చిన పెద్దలు ప్రతి వాడలో ఒకరుంటారు. వాళ్లను పిలవడానికి ఇంతకంటే మంచి సాకు ఉండదు.

నాలుగో అడుగు: ఇంట్లో చూసి వచ్చి, ఇక్కడ ముచ్చట

ఇది ఈ మొత్తం పనికి గుండెకాయ. నెల ముందే ఒక సినిమా పేరు బోర్డు మీద రాస్తారు. ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి ఫోన్‌లో వాళ్లు చూస్తారు. అనుకున్న ఆదివారం గ్రంథాలయంలో కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. తెర లేదు, లైసెన్సు గొడవ లేదు, చప్పుడు లేదు. పదిహేను మంది వస్తే చాలు. పాతిక దాటితే రెండు గుంపులు చేయండి. పెద్ద గుంపులో గట్టిగా మాట్లాడేవాళ్లే మిగులుతారు.

ఇంటర్నెట్ గానీ, ఓటీటీ చందా గానీ లేనివాళ్లకు ఇది అన్యాయం కాదా అని అడగొచ్చు. అందుకే సినిమాలను మార్చి మార్చి ఎంచుకోవాలి. ఒక నెల ఓటీటీలో ఉన్నది, మరో నెల నిర్మాతల సొంత యూట్యూబ్ ఛానెల్లో ఉచితంగా ఉన్నది, ఇంకో నెల అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉన్న పాత సినిమా. సినిమా చూడకపోయినా వచ్చి వినొచ్చని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ముచ్చట నడిపే మనిషి పండితుడు కానక్కర్లేదు, ఓపిక ఉండాలి. "సినిమా ఎలా ఉంది?" అని మాత్రం మొదలుపెట్టొద్దు. "బాగుంది", "పర్లేదు" అని రెండు మాటలతో అయిపోతుంది. జీవితంలోకి వెళ్లే ప్రశ్న వేయాలి. బలగం మీద ముచ్చట అనుకోండి. "మీ ఇంట్లో పిట్ట ముట్టకపోతే ఏం చేశారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వెనక వరుసలో కూర్చున్న పెద్దవ్వ కూడా నోరు తెరుస్తుంది. మూడో రోజు ఏం పెట్టారు, ఐదో రోజు ఎవరు అలిగారు, పదకొండో రోజు ఎవరి పేరు చెప్పి దండం పెడితే కాకి వచ్చింది, ఒక్కొక్కటే బయటికి వస్తాయి. అప్పుడు రెండో ప్రశ్న: "నల్లి బొక్క (మూలుగ ఎముక) కాడ మొదలైన గొడవ ఇన్నేళ్లు ఎందుకు నడిచింది? తప్పెవరిది?" ఇక్కడ గుంపు రెండుగా చీలుతుంది. అల్లుడి వైపు కొందరు, బావమరిది వైపు కొందరు. చీలనివ్వండి. మూడో ప్రశ్న ఆడవాళ్లకు వదలండి: "మధ్యలో ఆ ఇంటి ఆడబిడ్డ ఇన్నేళ్లు పుట్టింటికి దూరమైంది. ఆమెను ఎవరైనా అడిగారా?"

ఈ మూడు ప్రశ్నలకే నలభై ఐదు నిమిషాలు సరిపోతాయి. చివర పది నిమిషాలు పుస్తకానికి ఉంచండి. ఆ సినిమా ఆఖర్లో కన్నీళ్లు పెట్టించిన పాట పాడింది మన దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వాళ్లది పాటతో కథ చెప్పే బుడగ జంగాల కళ. దాని గురించి బీరువాలో ఉన్న పుస్తకం తీసి ఒక పేజీ బిగ్గరగా చదవండి. చదివిన వెంటనే దాన్ని బల్ల మీద పెడితే ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్తారు.

కొన్ని చిన్న కట్టుబాట్లు పెట్టుకోవాలి. మొదటి మాట ఎప్పుడూ ఇంతవరకు మాట్లాడని మనిషికి. సినిమా మొత్తం కథ చెప్పడం మొదలుపెట్టినవాళ్లను మర్యాదగా ఆపి, "అందరూ చూశారన్నా, మీకు గుండెకు తాకింది ఏదో అది చెప్పండి" అనాలి. హీరోల అభిమానుల మధ్య వాదన వస్తే నటుల పేర్లు వదిలి పాత్రల పేర్లతోనే మాట్లాడాలన్న నియమం పెట్టండి, చాలావరకు చల్లబడుతుంది. కులం, మతం, పార్టీ మీద మాట వస్తే అణచివేయకండి. సినిమాలోని సీను చూపించి మాట్లాడమనండి. సీను వదిలి మనుషుల మీదికి వెళ్తే మాత్రం వెంటనే ఆపాలి.

కరీంనగర్‌లో ఫిల్మ్ సొసైటీ నడిపిన అనుభవం మన ఉత్తర తెలంగాణకు ఉంది. ఆ తరంవాళ్లు మీకు పరిచయమైతే ఒకసారి పిలిచి, మంచి సినిమా చూసే కన్ను ఎలా అలవాటైందో చెప్పించుకోండి.

ఐదో అడుగు: తెర కట్టే ముందు హక్కుల సంగతి

2023లో బలగం కోసం తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. చూడముచ్చటైన సంగతే. కానీ అనుమతి లేని ఆ ప్రదర్శనల మీద నిర్మాతల వైపు నుంచి పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్లింది. పంచాయతీకైనా, గ్రంథాలయానికైనా చట్టం ఒకటే. "మేం టికెట్ పెట్టడం లేదు కదా" అన్న వాదన నిలవదు. ఉచితమైనా బహిరంగ ప్రదర్శన బహిరంగ ప్రదర్శనే.

ఇంట్లో చూడటానికి కొన్న డీవీడీ, కట్టిన ఓటీటీ చందా హాల్లో చూపించడానికి హక్కు ఇవ్వవు. యూట్యూబ్ షరతుల్లో కూడా వీడియోలు వ్యక్తిగతంగా చూడటానికేనని, బహిరంగంగా ప్రదర్శించకూడదని ఉంది. కాబట్టి యూట్యూబ్‌లో ఉచితంగా ఉందని తెర మీద వేయకండి, ఆ ఛానెల్ యజమానిని అడగండి.

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం బడిలో, కాలేజీలో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే ప్రేక్షకులైతే, ఆ సంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా చూపించడానికి మినహాయింపు ఉంది. అందరికీ తలుపులు తీసిన గ్రంథాలయ ప్రదర్శనకు అది వర్తిస్తుందని అనుకోవద్దు. పిల్లల సినిమా చూపించాలనుంటే దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాలతో కలిసి, బడి ఆవరణలో, బడి కార్యక్రమంగా చేయండి. పుస్తకాల పెట్టె మీరు తీసుకెళ్లండి.

పాత సినిమాల విషయం వేరు. సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌ను తీసుకుంటే లెక్క 2017 డిసెంబరు 31తో పూర్తయింది. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, రంగులు అద్దిన ప్రతి, శుభ్రపరిచి మళ్లీ విడుదల చేసిన ప్రతి మీద వేరే హక్కులు ఉండొచ్చు, అందుకే పాత నలుపు తెలుపు ప్రతికే కట్టుబడండి. రెండు, కథ, పాటలు రాసినవాళ్ల హక్కుల గడువు వేరు, అది వాళ్లు చనిపోయాక కూడా 60 ఏళ్లు నడుస్తుంది. సందేహం ఉంటే ఒక ఉత్తరం రాసి అడగడమే క్షేమం.

ఆ ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను. నిర్మాణ సంస్థకు లేదా హక్కులున్న పంపిణీదారుకు, గ్రంథాలయం లెటర్‌హెడ్ మీద: "మా గ్రంథాలయంలో ఫలానా తేదీ సాయంత్రం 6 గంటలకు, 60 మంది కూర్చునే గదిలో, ప్రవేశ రుసుము లేకుండా, ఒక్కసారి మాత్రమే మీ చిత్రం ప్రదర్శించి, తర్వాత చర్చ జరపాలనుకుంటున్నాం. రికార్డు చేయనివ్వం, ప్రతి ఉంచుకోం. అనుమతిని, రుసుము ఉంటే ఆ వివరాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు." ఈమెయిల్ జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. పెద్ద సంస్థల నుంచి జవాబు రాకపోవచ్చు. రాకపోతే అనుమతి లేనట్టే, ఆ సినిమాను ముచ్చట వరకే ఉంచుకోండి.

సులువైన దారి మన చుట్టుపక్కలవాళ్లు తీసిన చిన్న సినిమాలు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి లాంటి పల్లె నుంచి మై విలేజ్ షో పుట్టి ఎక్కడెక్కడికో చేరింది. వరంగల్, కాజీపేట చుట్టూ షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రవాళ్లకు కొదవ లేదు. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వచ్చి కూర్చుంటారు కూడా. ఇరవై నిమిషాల సినిమా, పక్కన తీసిన మనిషి, నలభై నిమిషాల ప్రశ్నలు. రెండున్నర గంటల పెద్ద సినిమా కంటే గ్రంథాలయానికి ఇదే బాగా కుదురుతుందని నా అభిప్రాయం.

ఆరో అడుగు: హాలు, తెర, చప్పుడు

యాభై అరవై మందికి ఎనిమిది నుంచి పది అడుగుల వెడల్పు తెర సరిపోతుంది. దుప్పటి కడితే ముడతల్లో ముఖాలు వంకర పోతాయి. తెల్ల సున్నం వేసిన నున్నటి గోడ నయం. తెర కింది అంచు నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉండాలి, లేదంటే వెనకవాళ్లకు ముందువాళ్ల తలలే సినిమా. ప్రొజెక్టర్ 3000 ల్యూమెన్ల (వెలుగు కొలత) పైన ఉన్నది అద్దెకు తెచ్చుకోండి. ఎంత మంచిదైనా కిటికీల్లోంచి వెలుతురు పడితే బొమ్మ తేలిపోతుంది కనుక నల్లని పరదాలు గానీ, అట్టలు గానీ ముందే సిద్ధం చేయాలి. చప్పుడు లాప్‌టాప్ నుంచి కాదు, తెర పక్కన పెట్టిన స్పీకర్ల నుంచి రావాలి. మాటలు స్పష్టంగా వినపడటం బొమ్మ కంటే ముఖ్యం.

సినిమాను ఇంటర్నెట్ మీద ఆధారపడి నడపకండి, ఫైలు మీ దగ్గర ఉండాలి. ముందురోజు అదే యంత్రం మీద మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూడండి. కరెంటు పోతే ప్రొజెక్టర్ ఒక్కసారిగా ఆగిపోకుండా యూపీఎస్ పెట్టుకోండి. సబ్‌టైటిళ్లు ఉంటే తెలుగు సినిమాకైనా వేయండి. వినికిడి తగ్గిన పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లకు అది పెద్ద ఆసరా.

ముందు జంఖానాల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు, తలుపు పక్కన మోకాళ్ల నొప్పులున్నవాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు తెలిసినవే, మూసిన గదిలో మధ్యాహ్నం ప్రదర్శన పెట్టొద్దు. ఆడవాళ్లు ఎక్కువమంది రావాలంటే ఆదివారం పొద్దున పది గంటలు మంచి వేళ. వంట ముగించుకుని వచ్చి, వెలుతురు ఉండగానే ఇల్లు చేరతారు. బయట ఆవరణలో చేస్తే పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి పది తర్వాత మైకు మోగకూడదు.

ఏడో అడుగు: తెర లేని పనులు

సినిమా పేరుతో మొదలైన గుంపు సినిమా దగ్గరే ఆగిపోనక్కర్లేదు. మూడు పనులు చెబుతాను.

మొదటిది పాట రాసినవాళ్ల సాయంత్రం. దాశరథి పుట్టింది చిన్న గూడూరులో, ఒకప్పటి వరంగల్ జిల్లా. సినారె పుట్టింది సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో. 2023లో ఆస్కార్ అందుకున్న చంద్రబోస్‌ది చిట్యాల మండలం చల్లగరిగె, ఆ ఊళ్లో ఆయన గ్రంథాలయం కూడా కట్టించారు. ఒకే వేదిక మీద ఈ ముగ్గురి సినిమా పాటలను, మొదటి ఇద్దరి కవిత్వాన్ని ఊరివాళ్లే పాడి, చదివి వినిపిస్తే ఎంత బాగుంటుందో ఊహించండి. చట్టం ఇక్కడ మనవైపే ఉంది. డబ్బు తీసుకోకుండా ఔత్సాహికుల బృందం పాడటం, చదవడం, నాటకం వేయడానికి కాపీరైట్ చట్టంలో వెసులుబాటు ఉంది. రికార్డు చేసిన పాట స్పీకర్‌లో వేయడం మాత్రం ఇందులోకి రాదు.

రెండోది టాకీసుల జ్ఞాపకాలు. మూతపడిన సినిమా హాళ్లు, నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ టికెట్లు, ఎడ్లబండి మీద ఊరంతా కలిసి రావడం, ఆడవాళ్ల వరుస విడిగా ఉండటం. ఇవన్నీ గుర్తున్న తరం మెల్లమెల్లగా తగ్గిపోతోంది. కాలేజీ పిల్లలు ఫోన్‌లో వాళ్ల మాటలు రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, పాత టికెట్లు, పాంప్లెట్లు, పాటల పుస్తకాల ఫొటోలు చేర్చి ఒక ఫైలు తయారు చేయాలి. చెప్పినవాళ్ల సంతకం, అనుమతి తప్పనిసరి. వరంగల్ చరిత్ర పుస్తకాల్లో లేని చరిత్ర ఇది, అర్జెంటుగా చేయాల్సిన పని.

మూడోది పిల్లలకు. చేర్యాల నకాషీ పటం తెలిసిన కళాకారుణ్ణి పిలిచి పటం కథ చెప్పించండి. పొడవాటి గుడ్డ మీద ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ, పాటతో కథ. తర్వాత పిల్లలకు కాగితం చుట్ట ఇచ్చి, తాము చదివిన కథలో ఒకదాన్ని ఎనిమిది బొమ్మలుగా గీయమనండి. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో, దేన్ని దగ్గరగా, దేన్ని దూరంగా చూపాలో వాళ్లే తేల్చుకుంటారు. సినిమా షాట్ల గురించి విడిగా పాఠం చెప్పే పని ఉండదు. కళాకారుడికి దారి ఖర్చులు, పారితోషికం ముందే మాట్లాడి ఆ రోజే చేతిలో పెట్టండి. శాలువా కప్పి పంపించడం సరికాదు.

తేదీలు ఎంచుకోవడానికి మన క్యాలెండర్ చాలు. ఆగస్టు 12 గ్రంథపాలకుల దినోత్సవం, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వారోత్సవాల్లో సంస్థకు కూడా కార్యక్రమాలు కావాలి, అప్పుడు అడిగితే అనుమతి, కాస్త సాయం తొందరగా దొరుకుతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులు, మేడారం జాతర సమయం వదిలేయండి, ఎవరూ రారు.

చివరి అడుగు: రిజిస్టర్

ఒక మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, సినిమా లేదా కార్యక్రమం, వచ్చినవాళ్లు, వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎందరు, ఆ వారంలో కొత్త సభ్యులు ఎందరు, బల్ల మీద పెట్టిన పుస్తకాల్లో ఏవేవి ఇంటికి వెళ్లాయి, ఖర్చు ఎంత, ఎవరు భరించారు. జనం ఎందరన్నది కాదు, ఎన్ని పుస్తకాలు కదిలాయన్నదే అసలు లెక్క. వందమంది వచ్చి ఒక్క పుస్తకం కదలకపోతే జాబితా మార్చాలి. పన్నెండు మంది వచ్చి ఐదు పుస్తకాలు పట్టుకెళ్తే అదే దారిలో కొనసాగాలి.

మూడు నెలలకొకసారి ఈ రిజిస్టర్ నుంచి ఒక పేజీ నివేదిక రాసి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. పాఠకులు ఏ పుస్తకాలు అడిగి దొరకక వెళ్లారో కూడా అందులో రాయండి. కొత్త పుస్తకాల కొనుగోలుకు జాబితా వేసేటప్పుడు ఆ పేజీ చాలా పనిచేస్తుంది.

ప్రతి పనికీ ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి. ఇందులో చురుగ్గా తిరిగే కుర్రాడికి రేపు ఉద్యోగం వస్తుంది, రావాలి కూడా. అతను వెళ్లిన మర్నాడు బోర్డు, తాళం చెవులు, అనుమతుల ఫైలు ఎక్కడున్నాయో తెలిసిన రెండో మనిషి ఉండాలి. కార్యక్రమం రోజున తలుపు పక్కన ఒక బల్ల వేసి సభ్యత్వం దరఖాస్తులు పెట్టండి. డిపాజిట్ ఎంతో, ఏ గుర్తింపు కార్డు నకలు కావాలో ఒక అట్ట మీద రాసి ఉంచండి. ఆ బల్ల దగ్గర ఫారం నింపడానికి సాయం చేసే మనిషిని తప్పకుండా కూర్చోబెట్టండి.